నీడ కోసం తెచ్చిన చెట్టు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం దూరం నుంచి నడిచి వచ్చిన మనిషికి ఒక పక్క రేకుల పాకా, ఇంకో పక్క వేపచెట్టూ కనిపిస్తే, అతను వేపచెట్టు కిందికే పోతాడు. రెండుచోట్లా ఎండ తగలదు. కాని చెట్టు కింద ఉండే చల్లదనం రేకుల కింద ఉండదు. రేకులు ఎండకు కాగి, ఆ వేడిని తిరిగి మన నెత్తి మీదికే పంపుతాయి. చెట్టు అలా చెయ్యదు. అది వేళ్ళతో నీటిని పీల్చి, ఆకులదాకా ఎక్కించి, ఆకుల అడుగున ఉండే సన్నని రంధ్రాల గుండా ఆవిరిగా వదిలేస్తుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని ఆకుల నుంచీ, చుట్టూ ఉన్న గాలి నుంచీ తీసుకుంటుంది. మట్టి కూజాలో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే. పెద్ద చెట్టు ఒక్క వేసవి రోజున వందల లీటర్ల నీటిని ఇలా గాలిలో కలపగలదు.

ఈ శాస్త్రం తెలియక ముందే మనుషులు నీడ కోసం చెట్లు పెంచారు. అశోక చక్రవర్తి బాటల పక్కన మర్రిచెట్లు నాటించినట్టు తన శాసనంలో చెక్కించాడు. మన రోడ్ల పక్కన చింతలూ, వేపలూ, కానుగలూ పెంచింది కూడా నీడ కోసమే.

చలిదేశాల వాళ్ళకు నీడతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. అమెరికా ఈశాన్య భాగంలో చలికాలంలో మంచు మోకాటి లోతున పడుతుంది గాని, వేసవి వచ్చేసరికి అక్కడా ఎండ మండిపోతుంది, ఉక్క పోస్తుంది. అంచేత వాళ్ళకు వేసవిలో నీడ కావాలి, చలికాలంలో మాత్రం కిటికీలో ఎండ పడాలి. ఈ రెండూ జరగాలంటే వేసవిలో ఒత్తుగా ఆకులు వేసి, చలికాలానికి వాటిని పూర్తిగా రాల్చేసే చెట్టు కావాలి. అటువంటి చెట్లలో నార్వే మేపిల్ చాలా పేరుపొందింది. అది అమెరికాకు ఎలా వచ్చిందో, వచ్చాక ఏం జరిగిందో ఒక పెద్ద కథ.

మేపిల్ చెట్లలో నూటికి పైగా జాతులున్నాయి. నార్వే మేపిల్ స్వస్థలం ఐరోపా. నార్వే, స్వీడన్ దేశాల దక్షిణ భాగాలు మొదలుకొని కాకసస్ పర్వతాల దాకా అది అడవులలో సహజంగా పెరుగుతుంది. బాగా ఎదిగితే 70, 80 అడుగుల ఎత్తు పోతుంది. లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు 1753లో దానికి ఏసర్ ప్లాటనాయిడిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆకులు అరిచేతి కంటె పెద్దవి. అయిదువేళ్ళూ చాచినట్టు అయిదు చీలికలుంటాయి, చీలికల కొనలు సూదిగా ఉంటాయి. వసంతకాలంలో ఆకుల కంటె ముందు లేత పసుపుపచ్చని పూలు గుత్తులుగా వస్తాయి. తేనెటీగలకు చలికాలం తరవాత దొరికే మొదటి విందులలో అదొకటి.

ఈ చెట్టు నీడ అంత చిక్కగా ఎందుకుంటుందో తెలుసుకోవాలంటే దాని కింద నిలబడి పైకి చూడాలి. ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా, రాళ్ళు పరిచిన గచ్చులాగా పక్కపక్కన అమరి ఉంటాయి. ఇందులో కిటుకంతా తొడిమలలో ఉన్నది. ఆకులు ఎదురుబదురుగా జతలు జతలుగా పుడతాయి. ఒక జత తూర్పు పడమరలకు తిరిగి ఉంటే, దాని పై జత ఉత్తర దక్షిణాలకు తిరిగి ఉంటుంది. అంతటితో ఆగక, కింది జత తన తొడిమలను పొడుగ్గా చాచి, పై జత నీడలోనుంచి తన ఆకులను బయటికి తోస్తుంది. పైన ఉన్నవాటికి పొట్టి తొడిమలు చాలు. ఈ విధంగా ప్రతి ఆకుకూ ఎండ దొరుకుతుంది. ఎండనంతా ఆకులే పట్టుకుంటే నేల మీదికి ఏం వస్తుంది? ఏదో నాలుగు చుక్కలు. కింద కూర్చున్న మనిషికి అది హాయి. కింద మొలిచిన మొక్క సంగతి తరవాత చూద్దాం.

దీని కాయలు కూడా చెప్పుకోదగినవే. రెండేసి గింజలు అతుక్కుని, ఒక్కొక్క దానికి ఒక పలుచని రెక్క ఉంటుంది. నార్వే మేపిల్‌లో ఈ రెక్కలు మెలివేసిన మీసాలలాగా ఇటూ అటూ తిన్నగా చాచుకుని ఉంటాయి. కాయ పండి రాలేటప్పుడు రెండు గింజలూ విడిపోయి, గిరగిరా తిరుగుతూ మెల్లిగా దిగుతాయి. మెల్లిగా దిగటంలోనే ఉంది ఉపాయం. ఈలోగా గాలి వచ్చి వాటిని తల్లిచెట్టుకు దూరంగా మోసుకుపోతుంది. అక్కడి పిల్లలు పచ్చి గింజను చీల్చి, ఆ జిగురుతో రెక్కను ముక్కుకు అంటించుకుని ఆడుకుంటారు.

ఇక అమెరికా కథకు వద్దాం. ఫిలడెల్ఫియా నగరం పక్కన జాన్ బార్‌ట్రమ్ అనే రైతు ఉండేవాడు. ఆయన 1699లో పుట్టాడు. పెద్ద చదువులేవీ లేకపోయినా మొక్కలంటే ఆయనకు పిచ్చి. గుర్రమెక్కి అడవులూ, కొండలూ తిరిగి, అమెరికా చెట్ల విత్తనాలు ఏరి, పెట్టెలలో పెట్టి లండనుకు పంపేవాడు. లండనులో పీటర్ కాలిన్‌సన్ అనే వర్తకుడు వాటిని అందుకుని తోటల మీద మోజుగల ప్రభువులకు చేర్చేవాడు. బదులుగా ఇంగ్లండు నుంచి బార్‌ట్రమ్‌కు ఐరోపా మొక్కలు వచ్చేవి. ఆ రోజులలో ఓడ సముద్రం దాటటానికి వారాలు పట్టేది. దారిలో ఉప్పుగాలికి కొన్ని మొక్కలు చచ్చేవి, ఎలకలు కొన్ని విత్తనాలు తినేసేవి. ఇన్ని గండాలు దాటి 1756లో నార్వే మేపిల్ బార్‌ట్రమ్ తోటకు చేరింది. ఆ తోట ఫిలడెల్ఫియాలో ఈనాటికీ ఉన్నది. బార్‌ట్రమ్‌ను 1765లో ఇంగ్లండు రాజు మూడవ జార్జి తన వృక్షశాస్త్రజ్ఞుడుగా నియమించాడు.

కొత్త చెట్టు చాలాకాలం పెద్దవాళ్ళ తోటలలో అలంకారంగానే ఉండిపోయింది. ఊళ్ళలో వీధుల వెంట నీడనిచ్చే గౌరవం మరొక చెట్టుకు దక్కింది. అది అమెరికా సొంత చెట్టు, పేరు ఎల్మ్. దాని మాను తిన్నగా లేచి, పైన పూలకుండీలాగా విచ్చుకుంటుంది. వీధికి రెండువైపులా ఎల్మ్ చెట్లుంటే పైన కొమ్మలు కలుసుకుని, వీధంతా పచ్చని పందిరి వేసినట్టుండేది. న్యూ హేవెన్ అనే ఊరికి ఎల్మ్ నగరమనే పేరు వచ్చింది. ఎల్మ్ స్ట్రీటు లేని ఊరు ఆ ప్రాంతంలో అరుదు. ఊరు తరవాత ఊరు, వీధి తరవాత వీధి, అన్నిచోట్లా ఒకే చెట్టును పెట్టుకుంటూ పోయారు. చూడటానికి అందంగానే ఉండేది మరి!

1930లో కొంప మునిగింది. సామాను తయారీకి పలుచని చెక్క రేకులు తీసేందుకని ఐరోపా నుంచి ఎల్మ్ మొద్దులు దిగుమతి చేశారు. ఆ మొద్దుల బెరడు కింద చిన్న చిన్న పెంకు పురుగులున్నాయి. ఆ పురుగుల ఒంటి మీద ఒక రకం బూజు ఉన్నది. హాలండు శాస్త్రజ్ఞులు మొదట పరిశోధించటం చేత దానివల్ల వచ్చే జబ్బుకు డచ్ ఎల్మ్ తెగులు అని పేరు. పురుగు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకు ఎగిరి బూజును అంటిస్తుంది. చెట్టు లోపల నీరెక్కే సన్నని గొట్టాలలో బూజు పెరిగి వాటిని మూసేస్తుంది. నడివేసవిలో, నేలలో నీరుండగానే, చెట్టు పైనుంచి ఎండుకుంటూ వస్తుంది. పక్కపక్కనే ఉన్న చెట్ల వేళ్ళు భూమిలో అతుక్కుని ఉంటే, పురుగుతో పని లేకుండానే తెగులు ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది. వరసగా ఎల్మ్ చెట్లే ఉన్న వీధిలో అది ఎలా పాకి ఉంటుందో ఊహించుకోవచ్చు. కొన్ని దశాబ్దాలలో కోట్ల కొద్దీ ఎల్మ్ చెట్లు పోయినై.

పచ్చని పందిరి కింద పెరిగినవాళ్ళు బోడి వీధులను చూసి ఓర్చుకోలేకపోయారు. తొందరగా పెరిగే చెట్టు ఏదని వెతికారు. వాళ్ళ అడవులలో చక్కెర మేపిల్ అనే అందమైన చెట్టు లేకపోలేదు. దాని మానుకు బెజ్జం పెడితే కారే తియ్యని నీటిని కాచి పాకం చేస్తారు. నలభై లీటర్ల నీరు కాస్తే ఒక్క లీటరు పాకం వస్తుంది. శరత్కాలంలో దాని ఆకులు నిప్పురంగుకు తిరుగుతాయి. కాని పట్నవాసం దానికి పడదు. వీధులలో గట్టిపడిపోయిన నేలా, పొగా, మంచు కరగటానికి రోడ్ల మీద చల్లే ఉప్పూ దానికి గిట్టవు. నార్వే మేపిల్‌కు ఇవేవీ లెక్క లేదు. ఎక్కడినుంచి పెకలించి ఎక్కడ నాటినా బతుకుతుంది. అమెరికా పురుగులు దాని ఆకులను అంతగా ముట్టవు. ఆకులు రాల్చటంలో కూడా అది అక్కడి చెట్ల కంటె ఆలస్యం చేస్తుంది. ఇంకేం కావాలి? లక్షల కొద్దీ మొక్కలు నాటారు.

అందం కోసం కొత్త రకాలు కూడా పుట్టించారు. వాటిలో క్రిమ్సన్ కింగ్ అనేది 1940ల్లో ఫ్రాన్సులో తయారైంది. దాని ఆకులు వేసవి పొడుగునా ముదురు ఎరుపుగా, దాదాపు నల్లగా ఉంటాయి. ఆకుపచ్చని పదార్థం లేకపోతే చెట్టు అన్నం ఎలా వండుకుంటుందని అడుగుతారేమో. ఆకుపచ్చ లోపల ఉండనే ఉంది, పైన ఎర్రరంగు కప్పేసింది. మన ఎర్ర తోటకూర సంగతీ ఇంతే.

మొదట ఫిర్యాదు చేసినవాళ్ళు ఇళ్ళవాళ్ళే. చెట్టు కింద గడ్డి మొలవటం లేదు. పూలమొక్కలు పెడితే పాలిపోయి చస్తున్నాయి. పై ఆకులు వెలుగును ఆపితే, నేలకు దగ్గరగా దట్టంగా పాకిన వేళ్ళు నీటిని లాగేస్తున్నాయి. ఇది ఇంటి ముంగిట జరిగితే ఏదో ఒక చిరాకు, అంతే. కాని గింజలకు రెక్కలున్నాయన్న సంగతి మరిచిపోకూడదు. అవి ఇళ్ళ ముందునుంచి ఎగిరి పక్కనున్న అడవులలో పడ్డాయి.

అక్కడి అడవుల నేల ఒక చిత్రమైన లెక్క ప్రకారం నడుస్తుంది. వసంతంలో మంచు కరిగాక, పెద్ద చెట్లు ఆకులు తొడిగేలోపల కొద్దివారాలు మాత్రమే నేల మీద ఎండ పడుతుంది. మూడు రేకుల ట్రిల్లియం లాంటి చిన్న మొక్కలు ఆ కొద్దివారాలలోనే ఆకు వేసి, పూచి, సంవత్సరానికి సరిపడా ఆహారం దుంపలలో దాచుకోవాలి. నార్వే మేపిల్ అందరికంటె ముందు తలుపు మూసి, అందరికంటె ఆలస్యంగా తెరుస్తుంది. పైగా దాని పిల్లమొక్కలు చిక్కని నీడలో కూడా ఏళ్ళ తరబడి ఓపికగా బతకగలవు. పైన ఏ పెద్ద చెట్టో కూలి వెలుగు పడగానే అవి జువ్వున లేస్తాయి.

న్యూజెర్సీ రాష్ట్రంలో డ్రూ విశ్వవిద్యాలయానికి సొంత అడవి ఉన్నది. సారా వెబ్ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆమెతోటివారూ 1990ల్లో ఆ అడవిలో ఒక్కొక్క చెట్టు కింద ఏమేం మొలుస్తున్నదీ లెక్క పెట్టారు. చక్కెర మేపిల్ కింద కంటె నార్వే మేపిల్ కింద మొక్కల రకాలు తక్కువగా ఉన్నాయి. ఉన్నవాటిలో నార్వే మేపిల్ పిల్లమొక్కలే జాస్తి. కెనడాలో మాంట్రియల్ నగరం మధ్య ఉన్న మౌంట్ రాయల్ కొండ అడవిలోకీ ఇది ఇలాగే జొరబడింది.

కెనడాలో దీనివల్ల ఒక వేడుక కూడా జరిగింది. ఆ దేశపు జెండా మీద మేపిల్ ఆకుంటుందని మీకు తెలుసు. ఆ జెండా 1965 ఫిబ్రవరి 15న ఎగిరింది. 2012లో అక్కడ కొత్త ఇరవై డాలర్ల నోటు వచ్చింది. దాని మీద మేపిల్ ఆకు బొమ్మ చూసి ఒక వృక్షశాస్త్రజ్ఞుడు, ఇది మన మేపిల్ కాదు, నార్వే మేపిల్ అన్నాడు. చీలికలూ, కొనలూ దానివే అన్నాడు. అది ఏ ఒక్క చెట్టు ఆకూ కాదు, చిత్రకారుడి కల్పన అని బాంకు వారు జవాబు చెప్పారు. నాకు మాత్రం శాస్త్రజ్ఞుడి వైపే మొగ్గాలనిపిస్తుంది.

బొమ్మ సంగతి ఎలా ఉన్నా, నిజం ఆకును పోల్చటానికి శాస్త్రజ్ఞుడు అక్కర్లేదు. న్యూజెర్సీలోనో, మసాచుసెట్స్‌లోనో ఉండే తెలుగు పిల్లలు ఈ పరీక్ష ఇంటి దగ్గరే చెయ్యవచ్చు. వేసవిలో పచ్చి ఆకు ఒకటి తీసుకుని తొడిమను తుంచాలి. మర్రి ఆకు తుంచినప్పుడు వచ్చినట్టు తెల్లని పాలు వస్తే అది నార్వే మేపిల్. నీళ్ళలాంటి రసం వస్తే చక్కెర మేపిల్ కావచ్చు. అక్కడి పిల్లల కంటె మర్రి కింద ఆడిన మన పిల్లలకు ఈ గుర్తు తొందరగా పట్టుబడుతుంది.

ఇంతా చేసి తప్పు చెట్టుదంటే అన్యాయం. ఐరోపా అడవులలో అది ఓక్, లిండెన్ మొదలైన చెట్ల మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీగా, బుద్ధిమంతంగా పెరుగుతుంది. మన సర్కారు తుమ్మ మాత్రం? 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప వైపు నాటినప్పుడు, వంటచెరుకు దొరుకుతుందనే సంతోషించారు. దొరికింది కూడా. ఇవాళ చెరువులలో, బీళ్ళలో అది ఎలా అల్లుకుపోయిందో ఆ జిల్లాల రైతులను అడిగితే చెబుతారు.

మసాచుసెట్స్ రాష్ట్రం 2009 నుంచి నార్వే మేపిల్ అమ్మకాన్ని నిషేధించింది. పక్కనున్న న్యూ హాంప్‌షైర్ కూడా ఇదే పని చేసింది. ఉన్న చెట్లను కొట్టమని ఎవరూ అనలేదు. న్యూయార్కు నగరంలో 2015లో వీధి చెట్లను లెక్కిస్తే నార్వే మేపిల్‌లు 34 వేలకు పైగా తేలాయి. వాటి కింద ఎంతోమంది ఎండ తప్పించుకుంటున్నారు.

కాని మసాచుసెట్స్‌లోనే వూస్టర్ అనే ఊళ్ళో ఇంకొక సంగతి జరిగింది. ఆ ఊళ్ళో కూడా ఎల్మ్‌లు పోయాక వాటి చోట మేపిల్‌లు నాటారు; వీధి చెట్లలో ఎక్కువ భాగం మేపిల్‌లే, వాటిలోనూ నార్వే మేపిల్‌లే జాస్తి. 2008 ఆగస్టులో ఒక ఇంటావిడ తన పెరట్లో వింత పురుగులను చూసింది. నల్లగా నిగనిగలాడే ఒంటి మీద తెల్ల మచ్చలు, ఒంటి కంటె పొడుగైన చారల మీసాలు. ఆవిడ వాటిని చూసి ఊరుకోక అధికారులకు తెలియజేసింది. అది ఆసియా నుంచి సరుకుల చెక్కపెట్టెలలో దాక్కుని వచ్చే పురుగు; అమెరికాలో మొదటిసారి 1996లో న్యూయార్కులో బయటపడింది. దాని పిల్లలు మానులోకి తొలుచుకుపోయి, చెట్టును లోపలినుంచి తినేస్తాయి. పురుగు బయటికి వచ్చినచోట పెన్సిలు దూరేంత గుండ్రటి బెజ్జం మిగులుతుంది. దానికి మేపిల్ అంటే ప్రాణం. నార్వే మేపిల్‌కు పురుగు పట్టదన్న నమ్మకం దానితో సరి.

పురుగు పట్టిన చెట్లను కొట్టి, కొయ్యను పొట్టు చెయ్యటం తప్ప మార్గం లేకపోయింది. వూస్టర్ చుట్టుపక్కల 30 వేలకు పైగా చెట్లు కొట్టేశారు. పొద్దున పనికి పోయేటప్పుడు నీడలో ఉన్న ఇల్లు సాయంత్రం వచ్చేసరికి ఎండలో నిలబడి ఉండేది. ఎల్మ్ వీధులు బోడి అయిన ముచ్చట తాతలు చెప్పగా విన్నవాళ్ళు, ఈసారి కళ్ళారా చూశారు.

ఫ్రాంక్ సాంటమూర్ అనే శాస్త్రజ్ఞుడు 1990లోనే ఒక లెక్క చెప్పి ఉన్నాడు. ఊళ్ళో ఉండే చెట్లలో ఏ ఒక్క జాతీ నూటికి పది మించకూడదు. ఒకే తెగవి అన్నీ కలిసి ఇరవై, ఒకే కుటుంబానివి ముప్ఫై మించకూడదు. మేపిల్‌లన్నీ ఒక తెగ. అప్పుడు ఏ పురుగు వచ్చినా, ఏ తెగులు వచ్చినా వీధిలో కొన్ని చెట్లే పోతాయి, మిగిలినవి నిలుస్తాయి. వీధంతా ఒకే చెట్టు ఉంటే వచ్చే అందం దీనిలో రాదని కొందరు సణుగుతారు గాని, లెక్క లెక్కే.

వూస్టర్ వాళ్ళు ఈ లెక్కను మనసులో పెట్టుకున్నారు. 2014 నాటికి అక్కడ 30 వేల కొత్త మొక్కలు నాటటం పూర్తయింది. బడిపిల్లలు కూడా చేతులు వేశారు. ఈసారి మేపిల్‌లు పెట్టలేదు. ఓక్, లిండెన్, ఇంకా రకరకాల చెట్లు, ఒక ఇంటి ముందు ఒకటి, పక్క ఇంటి ముందు వేరొకటి. వాటిలో కొన్ని తొందరగా పెరుగుతాయి, కొన్ని నిదానంగా. వీధి మీద మళ్ళీ కొమ్మలు కలవటానికి ఒక తరం పడుతుంది.